ఫైల్ సిస్టమ్ మరమ్మతు సాధనాలు: మినీ కంప్యూటర్ల కాలం

డిస్కు మీద ఫైళ్ల లెక్క తప్పినప్పుడు దాన్ని పరీక్షించి సరిచేసే ప్రోగ్రాములు ఇవి. వీటికి స్పష్టమైన రూపం వచ్చింది 1970లలో, పీడీపీ-11 మినీ కంప్యూటర్ల మీద నడిచిన యూనిక్స్‌లో.

మరమ్మతు సాధ్యమైంది ప్రోగ్రాము తెలివివల్ల కంటే, ఒకే విషయం డిస్కు మీద రెండుచోట్ల రాసి ఉండటం వల్ల. ఏ బ్లాకు ఏ ఫైలుదో, ఆ ఫైలు వివరాలు రాసి ఉండే ‘ఐనోడ్’ చెబుతుంది. ఖాళీ బ్లాకుల జాబితా విడిగా ఉంటుంది. ఫైలుకు ఎన్ని పేర్లున్నాయో ఐనోడ్‌లో అంకెగా ఉంటుంది. ఆ పేర్లు డైరెక్టరీల్లో ఉంటాయి. యూనిక్స్ మార్పులను కొంతసేపు మెమరీలోనే ఉంచుకుని, దాదాపు 30 సెకన్లకోసారి డిస్కుకు పంపేది. ఈలోగా కరెంటు పోతే ఒక లెక్క మారి, రెండోది పాతదే మిగిలేది. ఇలాంటి తేడాలను పట్టే ‘చెక్’ 1971 నవంబరు నాటి మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే ఉంది. 1975 నాటి ఆరవ ఎడిషన్‌లో బ్లాకులకు ‘ఐచెక్’, పేర్ల లెక్కకు ‘డీచెక్’, ఐనోడ్ సంఖ్యను బట్టి ఫైలు పేరు పట్టుకోవడానికి ‘ఎన్‌చెక్’, చెడిన ఐనోడ్‌ను తుడిచేయడానికి ‘సీఎల్ఆర్ఐ’ ఉన్నాయి. ఆనాటి ఆర్‌కే05 డిస్కులో 512 బైట్ల బ్లాకులు 4,872. బ్లాకుకు ఒక బిట్టు చొప్పున గుర్తుపెట్టినా 609 బైట్లు చాలు. చిన్న మెమరీలో పూర్తి తనిఖీ కుదిరింది అందుకే.

1970ల చివర్లో బెల్ ల్యాబ్స్‌లో టి. జె. కొవాల్‌స్కీ రాసిన ‘ఎఫ్‌ఎస్‌సీకే’ పాత పనిముట్లను ఒకచోట కట్టిన మూట మాత్రమేనని అనవచ్చు. కానీ అసలు విలువ దాని వరసలో ఉంది: బ్లాకులు, దారులు, అనుసంధానం, పేర్ల లెక్క, ఖాళీ జాబితా అనే అయిదు దశలు. ముందుది తేలకుండా తర్వాతది తేలదు. అంతకుముందు ఆ వరస ఆపరేటరు అనుభవంలో ఉండేది. ఏ డైరెక్టరీకీ చెందని ఫైళ్లను చెరిపేయకుండా ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ అనే డైరెక్టరీలో చేర్చడం మెచ్చదగిన జాగ్రత్త.

మనిషి తీర్పును యంత్రానికి అప్పగించడం ప్రమాదమన్న అభ్యంతరం బలమైనదే. పహాణీకీ పాసుపుస్తకానికీ పొంతన లేకపోతే సర్వేయరు చేలోకి దిగి కొలుస్తాడు. డిస్కులో కొలిచేందుకు చేను లేదు, ఉన్నవి ఆ రెండు లెక్కలే. అందుకే బర్క్‌లీ యూనిక్స్‌లో యంత్రం మొదలయ్యేటప్పుడు నడిచే తనిఖీ, మామూలుగా ఊహించగల తేడాలను మాత్రమే తనంతట తాను సరిచేసి, మిగతా వాటికి ఆపరేటరును పిలిచేది. తర్వాత వచ్చిన జర్నలింగ్ కూడా మార్పును ముందుగా మరోచోట రాసుకునే పద్ధతే. అంటే రెండో లెక్క పోలేదు, దాన్ని రాసే వేళ మారింది. అయితే లెక్కలు కలిసినంత మాత్రాన, డిస్కుకు చేరకముందే పోయిన అక్షరాలు తిరిగిరావు.