లాడ్ బజార్ గాజులు, ఫోన్‌లో టోకు బేరం

మొన్న ఆదివారం హాస్టల్ నుంచి చార్మినార్ పోయిన. లాడ్ బజార్‌లో ఒక షాపాయన లక్క గాజుల ఫొటోలు తీసి ఆదిలాబాద్ దుకాణానికి పంపిస్తుండు. బేరం, డబ్బు అంతా ఫోన్‌లోనే అయిపోయింది.

ఇంతకుముందు జిల్లాల దుకాణదార్లు టోకు సరుకు కోసం బస్సెక్కి రావాల్సిందే. 1996లో ఇండియామార్ట్ మొదలై, ఒక వ్యాపారి ఇంకో వ్యాపారిని ఇంటర్నెట్‌లో వెతుక్కునే దారి పడింది. కానీ చిన్న షాపులకు అసలు మార్పు 2016లో యూపీఐ, జియో, 2018లో వాట్సాప్ బిజినెస్ వచ్చినంకనే.

ఈ గాజులకు 2024లో జీఐ గుర్తింపు దక్కింది. లక్క మాత్రం పాతబస్తీలో పుట్టదు. మోదుగ, కుసుమ, రేగు కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టేది. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో దాన్ని ఎక్కువగా తీసేది మన ఆదివాసులే. అటవీ ఉత్పత్తులకు కేంద్రం 2013లో తెచ్చిన మద్దతు ధర పథకంలో లక్క కూడా ఉంది. మన జీసీసీ అయితే 1956 నాటిదే.

మా అమ్మ సంతలో ఇప్పపువ్వు అమ్మేటప్పుడు రేటు సేటే చెప్పేది. ఇప్పుడు మా ఇంట్లో కూడా ఫోన్ ఉంది. రేటు ఇంకా సేటే చెప్తుండు.