బెండమూర్లంక దాఁక వచ్చిన దాయాదిపోరు

మధ్యాసియా పచ్చికబయళ్ళలో గుఱ్ఱపుమందలతో సంచరించిన తురుష్క మంగోలు జాతులయందు రాజ్యము వంశమంతటి సొత్తు. జ్యేష్ఠునిదే పట్టమను నియమము లేదు. దాయాదులలో గెలిచినవాఁడే యేలిక. తైమూరు సంతతివారైన మొగలాయిలు ఢిల్లీలో పాలరాతి మందిరములు కట్టుకొనియు నీ యాచారమును విడువరైరి. 1707లో ఔరంగజేబు గతించిన పిమ్మట ఆ పోరు సామ్రాజ్యమునే తినివేసెను. 1719 అను నొక్క యేఁటనే నలుగురు పాదుషాలు సింహాసనముపైఁ గనఁబడిరి. సమర్కందు ప్రాంతమునుండి వచ్చిన కుటుంబమువాఁడైన నిజాముల్ముల్కు దక్కనును దనదిగాఁ జేసికొన్నది యీ సంక్షోభమునందే. ఆయన 1748లో కన్నుమూయఁగా ఢిల్లీ కథ హైదరాబాదున మఱల మొదలయ్యెను.

కుమారుఁడు నాసర్‌జంగు ఒకవైపు, కూఁతుకొడుకు ముజఫర్‌జంగు వేఱొకవైపు. వీరి వెనుక నింగ్లీషువారును ఫ్రెంచివారును. 1750 డిసెంబరులో సెంజి చెంత, తన పక్షమువారే యని నమ్మిన పఠాను నవాబుల కుట్రకు లోనై, నాసర్‌జంగు ఏనుఁగుపై నుండఁగనే తుపాకిగుండునకుఁ గూలెను. రెండు నెలలైనను గడవకముందే, ఆ నవాబులతోడనే కలహించి, ముజఫర్‌జంగు రాయచోటి ప్రాంతమున ఈఁటెపోటునఁ బ్రాణములు విడిచెను. ఫ్రెంచి సేనాని బుస్సీ దొర అచ్చటనే నాసర్‌జంగు తమ్ముఁడైన సలాబత్‌జంగును గద్దె యెక్కించెను. 1752లో వీరి పెద్దన్న గాజీయుద్దీను ఔరంగాబాదున విషప్రయోగమునకు బలియయ్యెను.

సలాబతు గద్దెను గాచిన ఫ్రెంచి సిపాయిల జీతములకై 1753లో రాజమహేంద్రవరము మొదలగు సర్కారులు బుస్సీ వశమయ్యెను; వానిలోనిదే మన కోనసీమ. ఎవరి సైన్యమునకో జీతబత్తెముగా లంకభూముల శిస్తు చేతులు మాఱుటను నేను చరిత్రలోని యొక సామాన్యవిషయముగాఁ దలఁపఁజాలను. ఇక్కడి సేద్యగాని నడిగినవారు లేరు, సాలెవాని నడిగినవారు లేరు; వారి కష్టఫలము మాత్రము ఔరంగాబాదున వ్రాఁతకెక్కెను.

అల్లవరమునకుఁ జేరువనున్న బెండమూర్లంకలో నింగ్లీషు కంపెనీవారికి వర్తకస్థానముండెను. 1757లో ఫ్రెంచిసేన దానిని, ఇంజరమును, నరసాపురము చెంతనున్న మాధవాయపాలెమును బట్టుకొనెను. మఱుసటి యేఁటి డిసెంబరులో చందుర్తియొద్ద కంపెనీ సేనాని కర్నలు ఫోర్డు ఫ్రెంచివారి నోడించి, 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోటను సాధించెను. సలాబతు ఇంగ్లీషువారి పక్షమునకు మాఱెను. తమ్ముఁడు నిజామలీ యాతనిఁ జెఱపెట్టఁగా 1763లో బీదరుకోటలో నాతఁడు మరణించెను.

ఢిల్లీ పాదుషా షాఆలము 1765లో నీ సర్కారులను కంపెనీకి ఫర్మానాగా వ్రాసియిచ్చెను. నాఁడాయన తన రాజధానిలో నడుగిడ నేరని ప్రవాసి. నిజామలీ మొదట నొప్పుకొనక, 1766లో పేష్కషు, అనఁగా ఏటేటి కప్పము, పుచ్చుకొని వాని నిచ్చుటకు సమ్మతించెను. ఆ పేష్కషును గూడఁ గంపెనీవారు 1823లో నొక్కమొత్తమిచ్చి తీర్చుకొనిరి.