బేగంపేట కొలిచిన ఆకాశం

హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ కథను నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత ఖర్చుతో నెలకొల్పడంతో మొదలుపెడతారు, 1908లో నిజాం ప్రభుత్వం స్వీకరించడంతో దాదాపు ముగిస్తారు. ఇచ్చినవారి పేర్లు మిగిలాయి, కొలిచినవారి పేర్లు జారిపోయాయి.

ఆకాశమంతా ఫోటో తీసి నక్షత్రాల పట్టిక వేయాలన్నది 1887 పారిస్ సమావేశం తీర్మానం. చిలీలోని శాంటియాగో చేయలేకపోయిన -17 నుంచి -23 డిగ్రీల ఆకాశపు పట్టీ హైదరాబాద్‌కు దక్కింది. అబ్జర్వేటరీని నడిపిన చాట్‌వుడ్ అందుకోసం బేగంపేటలో 8 అంగుళాల టెలిస్కోపు నిలబెట్టాడు. అతని స్థానంలో 1914లో వచ్చిన పోకాక్ పనిని ఊపందించి 1918లోనే మరణించాడు.

అసలు బరువు మోసింది ఆ తర్వాత 1944 దాకా నడిపిన టి.పి. భాస్కరన్. గాజు పలక మీద అచ్చైన 5 మిల్లీమీటర్ల గళ్ల మధ్య ఒక్కొక్క నక్షత్రం ఎక్కడుందో కంటితో చూసి, రాసి, లెక్కగట్టాలి. దక్షిణపు పట్టీ ముగించడమే కాదు, జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన ఉత్తరాకాశంలో +36 నుంచి +39 డిగ్రీల భాగాన్నీ ఈ బృందం తలకెత్తుకుంది.

ఇది గుమాస్తా పని, భౌతికశాస్త్రం కాదు అన్న విమర్శ పాతదే. కొంత నిజమే: అదే కాలంలో కొడైకెనాల్‌లో ఎవర్‌షెడ్ వర్ణపటంతో సూర్యుడి మచ్చల్లో వాయుప్రవాహాన్ని పట్టుకున్నాడు. అంతర్జాతీయ పథకంలో పటాల భాగం అసలు పూర్తికానే లేదు. అయినా తీర్పు తొందరపాటుదే. నక్షత్రాల స్థానాలను హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచింది మూడున్నరేళ్లే; అంత తక్కువ వ్యవధిలో లక్షల మసక నక్షత్రాల కదలిక తేలదు. 2000లో వెలువడిన టైకో-2 పట్టిక 25 లక్షల నక్షత్రాల గమనాన్ని లెక్కగట్టడానికి ఈ పథకపు పాత కొలతలను ఆసరా చేసుకుంది. హైదరాబాద్ పట్టీలు అందులో ఉన్నాయి. గయా ఉపగ్రహం వచ్చాక ఆ అవసరం చాలావరకు తీరిందని ఒప్పుకోవాలి. కానీ దశాబ్దాల పాటు పనికొచ్చినదాన్ని వృథా అనలేం.

1968 నుంచి జపాల్-రంగాపూర్‌లోని 48 అంగుళాల టెలిస్కోపు ఆ వారసత్వాన్ని అందుకుంది. బేగంపేట గుమ్మటాలను వారసత్వ కట్టడాలుగా కాపాడాలన్న మాట వినిపిస్తుంటుంది. మంచిదే. అయితే గోడలకు సున్నం వేసే ముందు భాస్కరన్ పేరూ, పలకల మీద కళ్లు అరగదీసుకున్న సహాయకుల పేర్లూ ఎవరైనా వెలికితీయాలి. ఈ చరిత్రలో నాకు పెద్ద లోటుగా కనిపించేది శిథిలమైన గుమ్మటం కాదు, ఆ జాబితా లేకపోవడమే.