ఓటు: హక్కు, బాధ్యత, నిర్బంధం – గుజరాత్ స్థానిక ఎన్నికల చట్టం కథ



సూరత్ నగరానికి దక్షిణ భాగంలో ఆల్థాన్ అనే ప్రాంతం ఉంది. ఒకప్పుడది గ్రామం. నగరం పెరుగుతూ వచ్చి దాన్ని తనలో కలుపుకుంది. పొలాలున్న చోట నేడు అపార్ట్‌మెంట్లు లేచాయి. అక్కడి కుళాయి నీళ్లు, వీధి దీపాలు, మురుగు కాలువలు, చెత్త ఎత్తే పని అన్నీ సూరత్ నగరపాలక సంస్థ చూడవలసినవే. ఆ సంస్థకు సభ్యులను ఎన్నుకునే రోజున తగిన కారణం లేకుండా ఓటు వేయని వారికి నూరు రూపాయల జరిమానా విధించవచ్చని 2015లో గుజరాత్ ప్రభుత్వం నియమం చేసింది. కానీ ఆ జరిమానా ఏ ఎన్నికలోనూ అమలుకు రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకుంటే ఒక రాష్ట్ర శాసనసభకు ఎన్నికల విషయంలో ఎంత అధికారం ఉందో, ఎక్కడ ఆగాలో కూడా మనకు అర్థమవుతుంది.

శాసనసభకు ఎంత అధికారం?

ముందుగా ఒక ప్రశ్న. ఎన్నికల చట్టాలు ఎవరు చేస్తారు? లోక్‌సభకు, శాసనసభలకు జరిగే ఎన్నికలపై ప్రధానాధికారం పార్లమెంటుది. పంచాయతీలు, పురపాలక సంఘాల సంగతి వేరు. స్థానిక పాలన రాష్ట్రాల జాబితాలోని అంశం. 1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు ప్రతి రాష్ట్రంలోనూ ఎన్నికల సంఘాన్ని ఏర్పాటు చేసి, అయిదేళ్లకోసారి స్థానిక ఎన్నికలు జరపాలన్నాయి. మహిళలకు మూడో వంతుకు తక్కువ కాకుండా స్థానాలు కేటాయించాలన్నాయి. మిగిలిన ఏర్పాట్లలో చాలావాటిని శాసనసభలకే వదిలాయి.

ఈ అధికారాన్ని రాష్ట్రాలు రకరకాలుగా వాడాయి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలున్నవారు పోటీకి అనర్హులని రాసింది. గుజరాత్ కూడా 2005లో అటువంటి నిబంధనే తెచ్చింది. హర్యానాలోని ఇదే రకం నిబంధన చెల్లుతుందని 2003లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో దాన్ని తానే తొలగించింది. అంటే పోటీ చేసేవారికి అర్హతలు పెట్టే అధికారం శాసనసభకు ఉంది. మరి ఓటు వేసేవారిని పోలింగ్ కేంద్రానికి రప్పించే అధికారం ఉందా? గుజరాత్ ముందుకు వచ్చిన ప్రశ్న ఇదే.

బిల్లు ప్రయాణం

2009 డిసెంబరు 19న గుజరాత్ శాసనసభ స్థానిక సంస్థల చట్టాల సవరణ బిల్లును ఆమోదించింది. అప్పటి ముఖ్యమంత్రి నరేంద్ర మోదీ. నగరపాలక సంస్థలు, పురపాలక సంఘాలు, పంచాయతీలకు చెందిన మూడు చట్టాలను ఈ బిల్లు ఒకేసారి సవరించింది. ఇందులో రెండు ముఖ్యాంశాలున్నాయి. ఒకటి, మహిళలకు సగం స్థానాలు. రెండోది, అర్హత గల ప్రతి ఓటరూ తప్పనిసరిగా ఓటు వేయడం. ఏ అభ్యర్థీ నచ్చకపోతే ఆ మాట బ్యాలెట్ ద్వారానే తెలిపే వీలు కల్పించారు. జబ్బుపడినవారికి, పోలింగ్ నాడు రాష్ట్రంలో లేనివారికి మినహాయింపు ఇచ్చారు. మిగిలినవారు సంజాయిషీ చెప్పుకోవాలి.

సమర్థించినవారి వాదనలో బలం లేకపోలేదు. నగరాల్లో సగం మంది కూడా ఓటు వేయకపోతే, గెలిచినవారు ఎందరికి ప్రతినిధులు? 1922లో ఆస్ట్రేలియాలో అరవై శాతానికి లోపే పోలింగ్ జరిగింది. 1924లో నిర్బంధ ఓటు చట్టం తెచ్చాక, మరుసటి సంవత్సరం ఎన్నికలో అది తొంభై శాతం దాటింది. అయితే నెదర్లాండ్స్ ఎన్నో ఏళ్లు అమలు చేసిన నిర్బంధాన్ని 1970లో వదులుకుంది.

గవర్నరు కమలా బేణీవాల్ 2010లో బిల్లును తిప్పి పంపారు. ఓటు వేయమని బలవంతం చేయడం వ్యక్తి స్వేచ్ఛకు విరుద్ధమన్నది ఆమె అభ్యంతరం. మహిళల రిజర్వేషన్ అంశాన్ని విడదీసి పంపాలని కూడా కోరారు. రాజ్యాంగంలోని 200వ అధికరణం ప్రకారం గవర్నరు తిప్పి పంపిన బిల్లును సభ మళ్లీ ఆమోదిస్తే ఆమోదముద్ర నిరాకరించరాదు. 2011లో సభ మళ్లీ ఆమోదించింది. అయినా ఆమోదముద్ర పడలేదు. చివరకు 2014 నవంబరులో, గవర్నరు ఓ.పి. కోహ్లీ కాలంలో బిల్లు చట్టమైంది. రెండంశాలనూ ఒకే మూటలో కట్టినందువల్ల, అంతగా వివాదం లేని మహిళల రిజర్వేషన్ కూడా దాదాపు అయిదేళ్లు ఆగిపోయిందని గమనించండి.

2015లో జరిమానా నియమాలు వచ్చాయి. వెంటనే హైకోర్టులో సవాలు దాఖలైంది. ఆగస్టు 21న గుజరాత్ హైకోర్టు నిర్బంధ ఓటు అమలును నిలిపివేసింది. ఓటు హక్కులోనే ఓటు వేయకుండా ఉండే హక్కు కూడా ఇమిడి ఉందని, హక్కును విధిగా మార్చలేమని న్యాయస్థానం అభిప్రాయపడింది. ఎవరికీ ఓటు వేయకపోవడం కూడా భావప్రకటనలో భాగమేనని 2013లో ‘నోటా’ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పి ఉంది. కేంద్ర న్యాయ కమిషన్ కూడా 2015 మార్చిలో ఇచ్చిన 255వ నివేదికలో నిర్బంధ ఓటును సిఫారసు చేయలేదు.

ఆ ఏడాది సూరత్‌తో సహా ఆరు నగరాలకు జరిగిన ఎన్నికలు నిర్బంధం లేకుండానే ముగిశాయి. మహిళలకు సగం స్థానాలు మాత్రం అమలయ్యాయి. 2021లో సూరత్‌లో 120 స్థానాలకు ఎన్నిక జరిగితే, వాటిలో 60 మహిళలవి. ఆ రెండు ఎన్నికల్లోనూ ఆరు నగరాలను కలిపి చూస్తే ఓటు వేసినవారు సగానికి లోపే.

సూరత్‌లోని తెలుగువారు

ఇప్పుడు ఈ చట్టాన్ని మనవాళ్ల వైపు నుంచి చూద్దాం. తెలంగాణ జిల్లాల నుంచి ఎన్నో పద్మశాలి కుటుంబాలు బతుకుతెరువు కోసం సూరత్ చేరాయి. లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడ్డాయి. మన వైపు సాంచాలని పిలిచే మరమగ్గాలే వారికి జీవనాధారం. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, ఉర్దూ వంటి భాషలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడిపింది. అంటే అక్కడి తెలుగు పిల్లల బడి గతి నగరపాలక సంస్థ చేతిలో ఉంటుంది. ఆ సంస్థను ఎన్నుకునేది ఓటర్లు.

మరి ఆ నేత కార్మికుని ఓటు ఎక్కడుంది? చట్ట ప్రకారం ఒక వ్యక్తి పేరు ఒక్కచోటే నమోదు కావాలి. సొంత ఊళ్లో ఉంటే అక్కడికి వెళ్లి రావడానికి రైలు ఖర్చు, పోయిన రోజుల కూలి లెక్కకు వస్తాయి. సూరత్‌లో నమోదు చేయించుకోవాలంటే చిరునామా రుజువు కావాలి. అద్దె గది మారినప్పుడల్లా మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. జాబితాలో పేరే లేనివాణ్ని నూరు రూపాయల జరిమానా ముట్టుకోదు, పోలింగ్ కేంద్రానికీ తీసుకురాదు. పేరున్న నిరుపేదను మాత్రం సంజాయిషీ కాగితంతో కార్యాలయం చుట్టూ తిప్పగలదు. ఈ చట్టంలోని అసలు లోటు ఇక్కడే ఉంది. ఓటరు బద్ధకాన్ని అది చూసింది. ఓటరు దారిలోని అడ్డంకులను చూడలేదు.

ఓటు వేసే అవకాశం ఎంత విలువైనదో అదే నగరం మరోసారి చూపింది. 2024లో సూరత్ లోక్‌సభ స్థానంలో ఒక ప్రధాన పక్షం అభ్యర్థి నామినేషన్ తిరస్కరణకు గురైంది. మిగిలినవారు పోటీ నుంచి తప్పుకున్నారు. ఏప్రిల్ 22న ఒకే అభ్యర్థి ఏకగ్రీవంగా ఎన్నికైనట్లు ప్రకటించారు. నగరంలో కొన్ని భాగాలు నవసారి స్థానంలోకి వస్తాయి కనుక అక్కడివారు ఓటు వేశారు. సూరత్ స్థానంలోని లక్షలాది ఓటర్లకు మాత్రం ‘నోటా’ మీట నొక్కే వీలు కూడా దొరకలేదు. ఓటు వేయనివారికి జరిమానా అన్న రాష్ట్రంలోనే ఓటు వేద్దామన్నా పోలింగ్ లేని రోజు వచ్చింది!

ఈ పాఠం సారాంశం

ఒక బిల్లు సభలో గెలవడంతో కథ ముగియదు. గవర్నరు పరిశీలన, మళ్లీ సభ, ఆమోదముద్ర, నియమాలు, న్యాయస్థానం – ఇన్ని మెట్లున్నాయి. ఈ మెట్లు కొన్నిసార్లు మంచి అంశాన్నీ ఆలస్యం చేస్తాయి. కొన్నిసార్లు పౌరుని స్వేచ్ఛను కాపాడతాయి. గుజరాత్ చట్టం విషయంలో రెండూ జరిగాయి.

ఓటు వేయడం మన బాధ్యతేనని ఒప్పుకుందాం. ఆ బాధ్యత నెరవేరేలా చూడవలసిన పని ప్రభుత్వానికీ ఉంది. జాబితా సరిగా ఉండాలి. నమోదు సులువు కావాలి. పోలింగ్ నాడు కూలి పోకూడదు. ఇవి చేశాక కూడా ఇంట్లో కూర్చునే ఓటరును నిలదీయవలసింది పోలీసు కాదు, అతని పక్కింటివారు.

మీకు పద్దెనిమిదేళ్లు నిండితే ఒక చిన్న పని చేయండి. మీ పేరు ఏ ఊరి ఓటర్ల జాబితాలో ఉందో చూసుకోండి. మీరు చదువుకునే ఊళ్లోనా, అమ్మానాన్నలున్న ఊళ్లోనా? మీ వీధి కుళాయి గురించి నిర్ణయించే సభ్యుని పేరు మీకు తెలుసా? అక్కడి నుంచి మొదలుపెట్టండి.