ఇంటి కొలిమిలో నాటు తుపాకి

తుపాకి అను మాట తుర్కీ భాష నుండి మనకు సంక్రమించినది. ఆ మాట తెలుగునాట స్థిరపడిన రోజులలో తుపాకి అనగా ఒక్కటే విధము: మూతివైపు నుండి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో కూరి, చెవి వద్ద రంజకమునకు నిప్పంటించి పేల్చునది. 1757 జనవరిలో బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను బద్దలు కొట్టినప్పుడు ఇరుపక్షముల వారి చేతులలో నుండినవి ఈ జాతి ఆయుధములే. వెనుకనుండి తూటా పెట్టు తుపాకులు వ్యాపించి నూటయేబది యేండ్లు దాటినది. ఈ పాత జాతి ప్రదర్శనశాలల అద్దముల వెనుక మాత్రమే మిగిలియుండవలసినది. అట్లు గాక, అమెరికాలో నేటికిని వేలకొలది గృహస్థులు సెలవు దినములలో తమ ఇంటి వెనుక కొట్టములందు ఆకురాయి, ఉలి పట్టి వీనిని చేసికొనుచున్నారు. దాదాపు నశించిన విద్య ఇట్లు బ్రతికివచ్చుట వెనుక ఒక చరిత్ర కలదు.

పదునెనిమిదవ శతాబ్ది తొలిభాగమున జర్మనీ, స్విట్జర్లాండు దేశముల నుండి పెన్సిల్వేనియాకు వలసవచ్చినవారిలో తుపాకి పనివారు కొందరుండిరి. వారు వెంట తెచ్చిన వేట తుపాకి పొట్టిది, బరువైనది, పెద్ద గుండుది. అడవులలో నెలల తరబడి తిరుగు వేటగానికి సీసము, మందు రెండును మోయవలసిన బరువులే. అందుచేత లాంకాస్టరు పరిసరములందలి పనివారు గొట్టమును నలువది అంగుళములకు మించి పొడిగించి, రంధ్రమును సన్నగించిరి. లోపల మెలికలు తిరిగిన గాడులు, గుండు చుట్టు నూనె పూసిన గుడ్డ పేలిక. వీనిచేత గురి తప్పక తగులుచుండెను. పెన్సిల్వేనియా వారు రూపుదిద్దిన ఈ తుపాకికి తరువాతి కాలమున స్థిరపడిన పేరు ‘కెంటకీ రైఫిల్’. పని ఒకరిది, పేరు వేరొకరిది యగుట కచేరీ ఉద్యోగులకు క్రొత్త విషయము కాదు.

గొట్టము చేయుట అన్నిటికంటె కష్టమైన పని. పొడవైన ఇనుప పట్టెడను కొలిమిలో కాచి, సన్నని కడ్డీ చుట్టు వంచి, అంచులను కొద్ది అంగుళముల చొప్పున అతుకుచు పోవలెను. వేడి చాలనిచో అతుకు పట్టదు. మించినచో ఇనుము కాలి పాడగును. వేడి ఎంత యున్నదో చెప్పుటకు నాడు కొలమానము లేదు, ఇనుపరంగును చూచు కన్నే ప్రమాణము. పిమ్మట బరమాతో లోపల నునుపు చేయవలెను. గాడులు కోయు యంత్రము సైతము కొయ్యదే: మెలికలు చెక్కిన ఒక కొయ్య దూలము, దానికి తగిలించిన కడ్డీ, కడ్డీ కొనను చిన్న ఉక్కు పళ్లు. ముందుకు వెనుకకు లాగినకొలది గాడి వెండ్రుకవాసి తెగును. తెగుట ఆగినప్పుడు పళ్ల క్రింద కాగితపు ముక్క నొకదానిని దోపి మరల లాగుదురు. ఇట్లు ఒక్కొక్క గాడికి ఎన్నో మారులు.

అటుపిమ్మట చెకుముకి రాతిని పట్టు కోడి, దానిని విసరు కమాను, మీట, చేతితో కోసిన మరమేకులు. ఒక తుపాకి మరమేకు మరియొక తుపాకికి పట్టదు. చారల మేపుల్ కొయ్యను చెక్కి, ఇత్తడి రేకుతో పేలికల పెట్టెకు మూత చేసి, దానిపై లతలు చెక్కుదురు. మన పంచాణములవారిలో కమ్మరి, వడ్రంగి, కంచరి, కంసాలి పంచుకొను పనులను అక్కడ ఒక్కడే నేర్వవలసియుండెను. అయితే అందరును అన్నియు చేసిరనుట అతిశయోక్తి. చెకుముకి యంత్రమును ఇంగ్లండు నుండి తెప్పించుకొన్నవారు పెక్కురు. మందు విషయమునను స్వయంసమృద్ధి లేదు. ఆనాడు బ్రిటిషు మందునకు వలయు పెట్లుప్పులో అధికభాగము బీహారు, బెంగాలు ప్రాంతముల నుండియే ఓడ కెక్కుచుండెను.

1807లో ఫోర్సైత్ అను స్కాట్లండు మతాచార్యుడు, దెబ్బ తగిలిన మాత్రమున అంటుకొను రసాయనముతో తుపాకి పేల్చు పద్ధతికి పేటెంటు పొందెను. చెకుముకి పోయి టోపీ తుపాకి వచ్చెను. 1861–65 నాటి అంతర్యుద్ధము తరువాత కర్మాగారపు తూటా తుపాకులు దేశమంతట నిండెను. అపలేచియను కొండలలో మాత్రము కొందరు పాత పనిని విడువలేదు. పాత తుపాకులు ఇండ్లలో గోడలకు వ్రేలాడుచుండెను గాని, వానిని చేయు తెరగు తెలిసినవారు ఒక్కరొక్కరే కాలధర్మము నొందిరి. గురువు చేతిని చూచి శిష్యుడు నేర్చిన విద్య యది. పుస్తకములలో నెక్కినది స్వల్పము.

1931లో ఓహయో రాష్ట్రమందలి పోర్ట్స్‌మత్‌లో పాత తుపాకులతో గురిపోటీ జరిగెను. ఆ ఉత్సాహముననే 1933లో జాతీయ సంఘ మేర్పడెను. ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అను చిన్న గ్రామము ఆ సంఘమునకు కేంద్రమైనది. నెడ్ రాబర్ట్స్ 1940లోను, వాల్టర్ క్లైన్ 1942లోను ఈ తుపాకులపై గ్రంథములు ప్రకటించిరి. 1954లో టెన్నెసీలో టర్నర్ కర్క్‌లండ్ డిక్సీ గన్ వర్క్స్ స్థాపించి విడి భాగములను టపాలో పంపసాగెను. దానితో కొలిమి లేని పట్టణవాసికి కూడ ఈ వ్యాసంగము అందుబాటులోనికి వచ్చెను. 1968 నాటి కేంద్ర చట్టము ఇట్టి తుపాకులను, వాని నకళ్లను పురాతన వస్తువులుగా నెంచి సడలింపు నిచ్చుట మరియొక దోహదము.

కాని భాగములు కొని బిగించుట వేరు, ఇనుప పట్టెడ నుండి గొట్టము తీయుట వేరు. 1960 దశకమున వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్ చారిత్రక పట్టణమందు వాలస్ గస్లర్ ఆ రెండవ పనికి పూనుకొనెను. పాత పనిముట్ల వంటి పనిముట్లతోనే గొట్టము మొదలు మరమేకు వరకు అన్నియు చేసి చూపెను. దానిని చలనచిత్రముగా తీయుటచేత, గురువు లేని ఔత్సాహికులకు అదియే గురువైనది. గ్రంథములకంటె ఆ చిత్రమే ఎక్కువ మేలు చేసినదనుట న్యాయము.

ఇంటి పనివారిలో అధికులు నేడు గొట్టమును మాత్రము తయారైన ఉక్కుది కొందురు. అది సోమరితనము కాదు, వివేకము. అతుకులో దాగిన లోపము కంటికి కానరాదు. పొగలేని నేటి మందును పొరపాటున పోసినచో గొట్టము పగిలి చేతులు, కన్నులు పోవును. ఇంగ్లండులో ప్రతి గొట్టమును అధిక మోతాదుతో పేల్చి పరీక్షించు పద్ధతి కలదు. లండను పనివారి సంఘమునకు 1637లోనే రాజపత్రము లభించినది, బర్మింగ్‌హాములో పరీక్షాలయము 1813లో చట్టముచే ఏర్పడినది. అమెరికాలో అట్టి నిర్బంధము లేనందున భారమంతయు చేసినవాని మనస్సాక్షిపై నున్నది.

మన దేశమున కథ వేరు. ముంగేరులో మీర్ కాసిం 1760 దశకమున నెలకొల్పిన తుపాకుల పరిశ్రమ ప్రసిద్ధము. 1878 నాటి ఆయుధ చట్టము అనుజ్ఞ లేనిదే ఆయుధము చేయరాదనెను. 1959 చట్టమును ఆ నియమమును నిలిపినది. కనుక ఇచ్చట ఇంటి కొట్టములో తుపాకి చేయుట వినోదము కాదు, నేరము. కొడగు వారికి బ్రిటిషువారి నాటి నుండి కొన్ని తుపాకులను అనుజ్ఞాపత్రము లేకయే ఉంచుకొను మినహాయింపు కలదు. 2019లో దానిని 2029 వరకు పొడిగించిరి. అదియును ఉంచుకొనుటకే గాని చేయుటకు కాదు. ఏటేట సెప్టెంబరు ప్రారంభమున కైల్‌పోళ్ద్ పండుగనాడు వారు తుపాకులను తుడిచి, పూజగదిలో నుంచి, అగ్నిశిఖ పూలతో అలంకరింతురు. పూజ ముగిసిన పిమ్మట చెట్టున కొబ్బరికాయ కట్టి గురి చూతురు.