రాజుల భుజాల మీది పిట్ట

1779 జనవరి 26న హవాయి దీవిలోని కెయలకెకువా తీరానికి కలానియోపు రాజు వచ్చాడు. తన భుజాల మీది ఉత్తరీయం తీసి కెప్టెన్ జేమ్స్ కుక్‌కు కప్పాడు. శిరస్త్రాణం కూడా ఇచ్చేశాడు. మూడు వారాలు తిరక్కముందే అదే తీరంలో జరిగిన కొట్లాటలో కుక్ చనిపోయాడు. ఉత్తరీయం మాత్రం ఓడెక్కి ఇంగ్లండు చేరింది. 1912లో న్యూజిలాండు మ్యూజియానికి, చివరికి 2016లో హోనొలులుకు వచ్చింది.

అందులో పట్టూ లేదు, నూలూ లేదు. ఒలొనా అనే మొక్క నారతో అల్లిన సన్నని వలకు గుత్తులుగా కట్టిన ఈకలే అంతా. దాదాపు 40 లక్షల ఈకలు, 20 వేల పిట్టలవి!

ఎరుపు ఈకలు ఇఇవీవి. హవాయి వానల అడవుల్లో ఒహియా పూల తేనె తాగి బతికే పిట్ట ఇది. సింధూర వర్ణపు ఒళ్లు, నల్ల రెక్కలు, కొడవలిలా వంగిన ముక్కు. పాట మాత్రం తుప్పు పట్టిన తలుపు కిర్రుమన్నట్టుంటుంది.

ఈ ఈకల కోసమే ఒక వృత్తి పుట్టింది. పిట్టలు పట్టేవాళ్లు కొండెక్కి, చెట్ల నుంచి తీసిన బంకను కొమ్మలకూ గెడలకూ పూసి కాపు కాసేవారు. ‘ఓఓ’ అనే నల్ల పిట్టకు పసుపు ఈకలు కొన్నే ఉంటాయి. వాటిని పీకి వదిలేసేవారని చెబుతారు. ఒళ్లంతా ఎర్రనిదైన ఇఇవీకి ఆ అదృష్టం లేదు. దాన్ని చంపి, ఈకలు తీసి, మాంసం తినేవారు. ఏటా పంటల పండుగ మకహికి కాలంలో కొండ ఊళ్లు కట్టే పన్నులో ఈకలూ ఉండేవి. కమేహమేహ రాజు పసుపు ఉత్తరీయానికి మామో అనే పిట్టలే 80 వేలు పట్టాయని అంచనా.

ఇంత వేట సాగినా 19వ శతాబ్దం చివర్లో కూడా ఇఇవీ అన్ని పెద్ద దీవుల్లోనూ విరివిగా కనిపించేది. దాన్ని దెబ్బతీసింది దోమ. హవాయిలో అసలు దోమలే ఉండేవి కావు. 1826లో లహైనా రేవుకొచ్చిన ఓ ఓడ నీళ్ల పీపాలతో అవి దిగాయంటారు. తర్వాత పరాయి పక్షులతో పాటు పక్షి మలేరియా వచ్చింది. ప్రయోగంలో వ్యాధి సోకిన దోమ ఒక్కసారి కుట్టినా పది ఇఇవీల్లో తొమ్మిది చనిపోయాయి.

చలికి మలేరియా క్రిమి పెరగదు. అందుకే నేడు ఇఇవీ ఎత్తైన కొండల మీదే మిగిలింది. వాతావరణం వేడెక్కేకొద్దీ దోమలు అక్కడికీ ఎక్కుతున్నాయి. 2017లో అమెరికా ప్రభుత్వం ఇఇవీని ముప్పున్న జాతుల్లో చేర్చింది. 2023 నుంచి మావి దీవి కొండల్లో, ఆడ దోమల గుడ్ల నుంచి పిల్లలు రాకుండా చేసే మగ దోమల్ని వదులుతున్నారు.