రంపం పెట్టకముందు

జూన్ మూడో వారం, మధ్యాహ్నం మూడు గంటలు. అరిజోనాలో ఫీనిక్స్‌ను ఆనుకుని ఉన్న చాండ్లర్‌లో మీ ఇంటి గ్యారేజీ. షట్టరు పూర్తిగా ఎత్తే ఉంది, అయినా గాలి ఆడటం లేదు. బయట 44 డిగ్రీలు. పెన్సిలు చెవి మీద పెట్టుకుంటే చెమటకి జారి కింద పడుతోంది.

మీ ఎదురుగా చక్రాల మీద ఒక చెక్క డొల్ల నిలబడి ఉంది. ముందువైపు గుండ్రంగా లేచి, వెనక్కి వాలుతూ దిగిపోయే ఆకారం. టియర్‌డ్రాప్ ట్రైలర్. లోపల పరుపు తప్ప ఏమీ పట్టదు. నిలబడే ఎత్తు లేదు. కూర్చుంటే తలకీ పైకప్పుకీ మధ్య బెత్తెడు జాగా. వెనక తలుపు పైకెత్తితే అక్కడ వంటగట్టు. అమెరికాలో 1930ల నుంచి జనం వీటిని ఇంటి దగ్గరే చేసుకుంటున్నారు. ప్లైవుడ్ షీటు 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు వస్తుంది కాబట్టి చాలా ట్రైలర్లూ అదే కొలతలో ఉంటాయి. మీది మాత్రం 5 అడుగుల వెడల్పు. ఆ అడుగు ఎందుకో రాత్రికి తెలుస్తుంది.

ఒక తలుపు కోసి బిగించారు. ఫ్యానుకీ కిటికీలకీ పెన్సిలు గీతలే ఉన్నాయి. పైకప్పులో ఫోము ఇంకా పెట్టలేదు. ఇక్కడే ఆగండి. గీత తప్పయితే చెరిపేయొచ్చు, కోసిన చెక్కని అతికించలేం. ముందు ఈ డొల్లని ఎండలోకి తోసి, లోపల పడుకుని చూడాలి.

"ఇప్పుడా? సాయంత్రం చూద్దాంలే బావా" అంటాడు మీ బావమరిది.

"సాయంత్రం చూస్తే ఏం తెలుస్తుందిరా?"

వాడు ఒక నిమిషం ఆలోచిస్తాడు. "సరే. పది నిమిషాలే. గడియ పెట్టను. రెండు నిమిషాలకోసారి పిలుస్తా. పలక్కపోతే కాళ్లు పట్టుకుని లాగేస్తా."

ఒప్పుకోండి. మనిషి తోడు లేకుండా ఈ పని చెయ్యకూడదు.

ఇద్దరూ కలిసి బయటికి తోస్తారు. నేల మీద మోకాలు ఆనించకండి. ఈ ఊళ్లో వేసవి మధ్యాహ్నం తారురోడ్డు 70 డిగ్రీలు దాటుతుంది. పడిపోయి, వెంటనే లేవలేక, ఒళ్లు కాలి ఆసుపత్రిలో చేరేవాళ్లు ఏటా ఉంటారు. థర్మామీటరు పట్టుకుని లోపలికి దూరండి. వెల్లకిలా పడుకోండి. తలుపు మూసుకుంటుంది.

జిగురు వాసన, కొత్త చెక్క వాసన. మసక చీకటి. మొదట తెలిసేది గాలి వేడి కాదు, మొహం మీద వేడి. పైకప్పు ఇంకా రెండడుగుల పైనుంది, అయినా సెగ తగులుతోంది. ఎండకి కాగిన చెక్క ఆ వేడిని నేరుగా మీ మీదికే వదులుతోంది. థర్మామీటరు పక్కన పెడితే 47. చెయ్యి చాపి పైకప్పు దగ్గర పెట్టండి. 56. వేడి గాలంతా పైన చేరి, దారి లేక అక్కడే కూర్చుంది.

"బావా!"

"ఆఁ. నలభై తొమ్మిది."

చెమట చెవుల్లోకి కారుతోంది. బయటున్నప్పుడు పట్టినది పట్టినట్టు ఆరిపోయింది, ఇక్కడ ఆరడం లేదు. మీ ఊపిరిలోని తడి, మీ చెమటలోని తడి ఈ పెట్టెలోనే ఉండిపోతున్నాయి. చెమట ఆరితేనే ఒంటికి చల్లదనం. ఊరికే కారితే దాహం తప్ప లాభం లేదు.

"బావా!"

"యాభై ఒకటి."

గుండె గట్టిగా కొట్టుకుంటోంది. కదలకుండా పడుకునే ఉన్నారు, అయినా కొట్టుకుంటోంది. ఒళ్లు చల్లబరచడానికి రక్తాన్ని చర్మం వైపు తోస్తోంది. కణతలు అదురుతున్నాయి.

"బావా! ఎంత?"

చూస్తారు. అంకెలు కనబడుతున్నాయి.

"నలభై రెండు."

"ఏంటీ?"

మళ్లీ చూడండి. 52. మీరు అన్నది 42.

చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

చలి.

ఇంత వేడిలో చలి.

లేవండి. కాలితో తన్నండి. తలుపు. వెలుగు. వాడి చెయ్యి. బయట.

44 డిగ్రీల గాలి ఒంటికి హాయిగా తగులుతుంది. నీడలో కూర్చోండి. తడి తువ్వాలు మెడ చుట్టూ, చంకల్లో. ఉప్పు, పంచదార వేసిన నిమ్మరసం గుక్క గుక్కగా. పది నిమిషాలు కాకముందే బయటికొచ్చారు. మాట తడబడటం మొదలయ్యాక ఇంకో నిమిషం చూద్దామనుకోకూడదు. ఒంట్లో వేడి 40 దాటి మతి తప్పితే అది వడదెబ్బ, ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సంగతి. ట్రైలర్ పూర్తయ్యాక కూడా పిల్లల్ని గానీ కుక్కని గానీ తలుపేసి లోపల వదిలి, ఇప్పుడే వస్తానని వెళ్లకండి.

రాత్రి వంటింటి బల్ల మీద డ్రాయింగు మళ్లీ పరుస్తారు.

మొదట పైకప్పు. సెగ అక్కణ్నుంచే వచ్చింది. పాత టియర్‌డ్రాప్‌ల్లో చాలావాటికి పైన అల్యూమినియం రేకు ఉండేది. మీకూ ఆ మెరుపు మీద మనసుంది. అందుకే పొద్దున రెండు ముక్కలు ఎండలో పెట్టి వచ్చారు: ఒకటి మెరిసే రేకు, ఒకటి అదే రేకు మీద తెల్ల రంగు. మధ్యాహ్నం రెండు అరచేతులూ ఒక్కోదాని మీద వేసి చూశారు. తెల్లదాని మీద చెయ్యి నిలిచింది, మెరిసేదాని మీంచి చటుక్కున లాక్కున్నారు. మెరిసే రేకు ఎండను తిప్పికొడుతుంది, నిజమే. కానీ తాగిన ఆ కాస్త వేడిని తొందరగా వదలదు, దాచుకుంటుంది. తెల్ల రంగు తిప్పికొడుతుంది, తాగినదాన్ని ఆకాశంలోకి వదిలేస్తుంది కూడా. మెరుపు మీద ఆశ వదులుకోండి. పైకప్పు తెలుపు.

దాని పైన ఇంకో కప్పు. వేడి దేశాలకి పంపిన పాత ల్యాండ్ రోవర్లకి అసలు కప్పు మీద కొంచెం సందు వదిలి రెండో రేకు బిగించేవారు. ఎండ పై రేకుని కాలుస్తుంది, సందులో గాలి ఆ వేడిని పట్టుకుపోతుంది, కింది కప్పు నీడలో ఉంటుంది. మీకు రేకు అక్కర్లేదు. ఆగిన చోట కట్టుకునే లేత రంగు టార్పాలిన్ చాలు, జానెడు ఎత్తున. కట్టడానికి కొక్కేలు ఎక్కడ రావాలో ఇప్పుడే గుర్తు పెట్టండి, లోపల ఫోము వేశాక అక్కడ మేకు దిగే చెక్క దొరకదు.

ఫోము ఒక అంగుళం మందం. దానికి వెండిరేకు అంటించి ఉంటే ఆ వైపు కాస్త ఖాళీ వదలండి. చెక్కకి నొక్కేస్తే వేడి తాకిడితోనే దాటిపోతుంది, రేకు ఉన్నా లేనట్టే. అలాగని మందం పెంచినంత మాత్రాన సరిపోదు. పగలంతా మెల్లగా ఎక్కిన వేడి రాత్రంతా మెల్లగానే దిగుతుంది, మీరు పడుకునే వేళకి లోపలే ఉంటుంది. దాన్ని బయటికి తోయాలి.

అందుకే ఫ్యాను. పైకప్పులో 14 అంగుళాల చదరపు కంత, 12 వోల్టుల ఫ్యాను. మీ గీత సరిగ్గా తల మీద ఉంది. పడుకుని మొహం మీద గాలి వస్తే బావుంటుందని గీశారు. చెరపండి. ఈ ఫ్యాను గాలిని లోపలికి కొట్టకూడదు, బయటికి లాగాలి. కాళ్ల వైపు జరపండి. కిటికీలు తల పక్కన, రెండు వైపులా, కిందికి. నీడ ఉన్న వైపు కిటికీ ఒక్కటే తెరిస్తే బయటి గాలి మీ మొహం మీదుగా వచ్చి, ఛాతీ మీదుగా పాకి, కాళ్ల దగ్గర పైకెక్కి పోతుంది. గది ఇంత చిన్నది కాబట్టి తక్కువ వేగంలోనే నిమిషానికోసారి గాలంతా మారిపోతుంది. నిద్రలో ఉన్న మనిషి ఒంటి నుంచి 70, 80 వాట్ల వేడి వస్తూనే ఉంటుంది. ఇద్దరు పడుకుంటే ఆ పెట్టెలో రెండు పాతకాలం బల్బులు తెల్లవార్లూ వెలిగినట్టే. ఆ ఒక్క అడుగు వెడల్పు మీ ఇద్దరి మధ్య గాలి ఆడటానికి.

"బావా, ఇదంతా ఎందుకు? కిటికీ ఏసీ పెట్టేస్తే పోలా?"

పెట్టొచ్చు, లెక్క చూడండి. అన్నిట్లోకీ చిన్నదైన 5,000 బీటీయూ ఏసీ దాదాపు 450 వాట్లు తాగుతుంది. 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో ఉండేది 1,280 వాట్ అవర్లు. ఆపకుండా నడిస్తే మూడు గంటలు కూడా రాదు, అర్ధరాత్రికి ఆగిపోతుంది. ఏసీ వెనక భాగం బయటి గాలి పీల్చి బయటికే వదలాలి. వంటగట్టు అరలో మూసిపెడితే తన వేడిని తానే పీల్చి కాసేపటికి ఆగిపోతుంది. కరెంటు ఇచ్చే క్యాంపుగ్రౌండుల్లోనే బస చేస్తానంటే పెట్టుకోండి. జనరేటరు మీద నడుపుతానంటే మాత్రం ఒప్పుకోను. కిటికీ పక్కన జనరేటరు పొగ, లోపల నిద్రపోతున్న మనుషులు. కార్బన్ మోనాక్సైడుకి వాసన లేదు, లేపదు. ఏసీ ఉన్నా లేకపోయినా ఆ వాయువుని పసిగట్టే అలారం ఒకటి తల దగ్గర బిగించండి.

మరి నీళ్ల కూలర్? హైదరాబాద్ మే నెలలో అది ప్రాణం నిలుపుతుంది, విశాఖలో పెడితే దుప్పటి తడుస్తుంది తప్ప ఒళ్లు చల్లబడదు. ఫీనిక్స్‌లో ఈ రెండూ ఒకే వేసవిలో చూడొచ్చు. జూన్‌లో గాలి ఎండిపోయి ఉంటుంది, కూలర్ పనిచేస్తుంది. జూలైలో ఇక్కడి రుతుపవనాలు వచ్చాక గాలిలో తడి పెరిగి కూలర్ ఓడిపోతుంది.

ఇక బరువు. వెనక అరలో ఏసీ, నీళ్ల డబ్బాలు, పొయ్యి పెట్టారనుకోండి. ఐ-17 హైవే మీద ఉన్నారు, ఘాట్ దిగుతున్నారు. పక్కనుంచి పెద్ద ట్రక్కు దాటింది. అద్దంలో ట్రైలర్ కొంచెం ఊగింది. మళ్లీ ఊగింది. ఇంకా ఎక్కువ. కారు తోకని లాగుతోంది. బ్రేకు తొక్కాలనిపిస్తుంది. గట్టిగా తొక్కొద్దు. స్టీరింగు నిటారుగా. యాక్సిలరేటర్ వదలండి. వదిలేయండి.

తగ్గింది.

మొత్తం బరువులో పదో వంతైనా కారుకి తగిలించే కొక్కెం మీద పడాలి, లేకపోతే ట్రైలర్ ఇలాగే ఊగుతుంది. కాబట్టి బరువులు ముందుకి. అలాగని బ్యాటరీని ముందు కడ్డీ మీది నల్ల పెట్టెలో పెట్టకండి. లిథియం బ్యాటరీలు చాలావాటిని 45 డిగ్రీలు దాటాక చార్జి చెయ్యకూడదు, ఎండలో ఆ పెట్టె అంతకన్నా కాగుతుంది. మంచం కింద, ముందు గోడకి ఆనించి పెట్టండి. చక్రాలు 12 అంగుళాలవి వద్దు. చిన్న చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, ఎక్కువ కాగుతుంది. గాలి తక్కువుంటే పేలుతుంది. పొద్దున్నే, బండి కదలకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోండి.

ఇంత చేసినా ఒక హద్దుంది. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. ఆ జూలై 19న తెల్లవారుజామున కూడా 36 కంటే దిగలేదు. మీ చర్మం వేడి దాదాపు 35. గాలి అంతకన్నా వేడిగా ఉంటే ఫ్యాను చెమటనైతే ఆరబెడుతుంది, దాంతోపాటు బయటి వేడిని తెచ్చి ఒంటికి పట్టిస్తుంది. అలాంటి రాత్రి ఫీనిక్స్ లోయలో ఈ ట్రైలర్లో పడుకోవద్దు. చక్రాలు ఉన్నాయి కదా. ఫీనిక్స్ సముద్రమట్టానికి 330 మీటర్ల ఎత్తున ఉంది, 230 కిలోమీటర్ల దూరంలోని ఫ్లాగ్‌స్టాఫ్ 2,100 మీటర్లు. పైకెక్కేకొద్దీ కిలోమీటరుకి ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. జూన్ రాత్రి అక్కడి పైన్ చెట్ల కింద దుప్పటి కప్పుకుంటారు, ఫ్యాను కట్టేస్తారు. డ్రాయింగు మూలన రాసుకోండి: ఏసీ ఇప్పుడు వద్దు, దాని వైరుకి దారి మాత్రం వదలాలి.

మర్నాడు పొద్దున ఐదున్నర. 28 డిగ్రీలు. పాత గీత మీద రబ్బరు రుద్ది, కాళ్ల వైపు కొత్త చదరం గీశారు. టేపు పెట్టి మూల నుంచి మూలకి ఐమూలగా కొలవండి, రెండూ సమానం. పై వంపులో అడ్డకర్ర చదరం లోపలికి రాలేదని ఇంకోసారి చూడండి. నాలుగు మూలలా డ్రిల్లుతో రంధ్రాలు వేయండి, జిగ్‌సా బ్లేడు తిరగడానికి.

బావమరిది లోపలికి దూరి, రెండు అరచేతులూ పైకప్పుకి ఆనించాడు. ముక్క తెగి పడేటప్పుడు అంచు చీలకుండా పట్టుకోవాలి.

"కొయ్యి బావా."

బ్లేడు రంధ్రంలోకి దించండి. మీట నొక్కండి.